చుట్టానికి పెట్టని సంగటి

కంచం ముందుకు రాగానే మీరిప్పుడు చెయ్యి కడుక్కోకముందే ఫోను తీస్తారు. తియ్యండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరూరా తిరిగి, అక్కడి తిండి తిని, దాని గురించి నలుగురికీ చెప్పాలన్న ఆశ మంచిదే. కానీ ఏ ఊరి తిండయినా అడగ్గానే దొరుకుతుందనుకోకండి. అడిగి భంగపడినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నేనొక్కణ్ణే భంగపడి ఉంటే చెప్పేవాణ్ణి కాదు. నాతోపాటు ముగ్గురు పెద్దమనుషుల్ని తీసుకుపోయి ఎండలో నిలబెట్టాను.

యాత్రికులకు గదులూ భోజనాలూ చూసే ఒక ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేశాను. అనంతపురం టౌన్లో అంగడి పెట్టుకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి. పల్లెల గురించి నాకు అంతా తెలుసనుకునేవాణ్ణి, ఎందుకంటే పల్లెలవాళ్ళు మా అంగడికి వచ్చేవాళ్ళు. మనం పల్లెకు పోవడానికీ, పల్లె మన అంగడికి రావడానికీ ఉన్న తేడా నాకు ఉద్యోగం చివర్లో గానీ తెలియలేదు.

లేపాక్షికి పోయే యాత్రికులు ఆగి భోంచెయ్యడానికని మా పైవాళ్ళు ఒక భోజనశాల కట్టించారు. రాతి గోడలు, ఎర్ర పెంకులు, ముందు ఒక చిన్న సిమెంటు నంది. అంతా బాగుంది. లోపం ఒకటే, దాన్ని కట్టింది బత్తలపల్లె దగ్గర. లేపాక్షికి పోయేవాళ్ళు ఆ రోడ్డున రారు. పటం మీద వేలు పెట్టి చోటు చూపించిన ఆఫీసరుకు వేలు కాస్త లావని మా సెక్షన్లో అనుకునేవాళ్ళం.

కట్టిన తరువాత పడగొట్టలేరు గదా. కదిరికి పోయేవాళ్ళో, తిరుపతికి పోయేవాళ్ళో ఆగకపోతారా అని సరిపెట్టుకుని, దాన్ని నడపడానికి ఎవరికైనా ఇద్దామన్నారు. నడిపేవాళ్ళు ఇక్కడి వంటే వండాలి. పట్నం నుంచి ముగ్గురి కమిటీ వచ్చి ఆ వంట స్వయంగా తిని, ముగ్గురూ ఫారం మీద సంతకం చెయ్యాలి. ఎవరైనా తగినవాళ్ళుంటే పేరు రాయమని ఆ ఫారం నా బల్ల మీదికి వచ్చింది. నేను వెనకా ముందూ చూడకుండా ఒకామె పేరు రాశాను.

ఆమె ఎవరో చెప్పాలి. అంతకు ముందు ఏడాది బత్తలపల్లె అవతల ఒక పల్లె పొలిమేరలో మా ఆఫీసు జీపు ఆగిపోయింది. డ్రైవరు ఏదో సామాను కోసం ధర్మవరం బస్సెక్కాడు. నాకు పని లేదు. పక్క చేన్లో కూలీలు పీకిన వేరుశనగ చెట్ల కుప్ప చుట్టూ కూర్చుని కాయలు విడిపిస్తున్నారు. నేనూ పోయి వాళ్ళ పక్కన కూర్చుని, ఊసుపోక చేతికందిన చెట్టుకల్లా కాయలు తెంపుతూ మూడు గంటలు గడిపాను. మధ్యాహ్నం ఒకామె గంప దించి, అందరికీ పెట్టినట్టే నాకూ ఒక రాగి సంగటి ముద్ద పెట్టింది. దాని నడుమ గుంట చేసి ఊరుబిండి వేసింది. అంటే వేయించిన శనక్కాయలూ, కాల్చిన పచ్చిమిరపకాయలూ, చింతపండూ రోట్లో నూరిన పచ్చడి. దేవుడి మీద ఒట్టు, పెద్ద పెద్ద హోటళ్ళ తనిఖీకి పోయి ఉచితంగా తిన్న విందులేవీ దాని కాలి గోటికి సరిపోవు.

అది మర్యాద కోసం పెట్టిందనుకున్నాను. ఆఫీసరులా కనిపించాను గదా, అందుకే పెట్టిందని మురిసిపోయాను. ఆ పొరపాటే ఈ కథంతా.

ఆమెకు భర్త లేడు. చేన్లో కూలికి పోతూ, ఊళ్ళో పెళ్ళికీ చావుకూ వంట చేస్తూ బతికేది. వరసగా వానలు ఎగ్గొట్టాయి. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి, జనం బెంగుళూరికి పోయారు. నేను భోజనశాల సంగతి చెప్పడానికి పోయేసరికి ఆమె కూడా మూట కట్టుకునే ఆలోచనలో ఉంది. అక్కడెవరో అపార్టుమెంట్లో గిన్నెలు తోమే పని ఉందన్నారట. ఇది వస్తే ఉంటాననీ, రాకపోతే వచ్చే సోమవారం బస్సెక్కుతాననీ చెప్పింది. ఏడవలేదు, బతిమాలలేదు. చెప్పి, చేటలో కొర్రలు చెరుగుతూ కూర్చుంది. అప్పుడు నాకు వీరావేశం వచ్చింది. ఈమె బస్సెక్కకుండా చూసే పూచీ నాదని మనసులోనే మీసం దువ్వాను. ఆ ఆవేశంలోనే ఫారంలో వంటకం పేరు రాయాల్సిన చోట పెద్ద అక్షరాలతో ‘రాగి సంగటి, ఊరుబిండి’ అని రాశాను. రాసిన వంటకమే తినాలి, వేరేది తింటే ఫారం చెల్లదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ ఫారం తయారు చేసింది నేనే.

కమిటీ వచ్చే ముందురోజు ఆమెకు ఫోను చేసి, హంగూ ఆర్భాటం ఏమీ వద్దు, ఆ రోజు నాకు పెట్టినట్టే పెట్టు చాలన్నాను. ఆమె సూద్దాంలే అన్నా అంది.

కమిటీలో మొదటి ఆయన పెద్ద ఆఫీసరు. కోస్తావైపు మనిషి, కడుపులో మంట ఉన్నవాడు, జేబులో మాత్రలు పెట్టుకుని తిరిగేవాడు. రెండోవారు తిండి మీద పరిశోధన చేసే మేడమ్. చేనేత చీర, చేతిలో లావుపాటి నోటుబుక్కు, ప్రతి గింజనూ పేరు పెట్టి పలకరించే ఓపిక. మూడో అతను వీడియోలు తీసేవాడు. అతను నమిలితే లక్షలమంది చూస్తారని చెప్పారు. సాయంత్రం ఐదింటికి వాళ్ళకు రైలు ఉంది.

ఆమె ఊరి మొదట్లోనే నా లెక్క తప్పింది. రోడ్డుకడ్డంగా షామియానా. దాని కింద తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు, నీళ్ళ సీసాలు. ధర్మవరం నుంచి కుదుర్చుకొచ్చిన వంటవాడు పెద్ద బాణలిలో గోబీ మంచూరియా వేయిస్తున్నాడు. పక్కన వెజిటబుల్ బిర్యానీ, పనీరు కూర, జిలేబీ. ఊరి పెద్దాయన తలపాగా చుట్టుకుని ఎదురొచ్చి దండలు వేశాడు. మేడమ్ నోటుబుక్కు తెరిచి, తెరిచిన చోటే మూసింది.

సంగటి ఏదని పెద్దసారు అడిగాడు. పెద్దాయన ఆ మాట ఎప్పుడూ విననట్టు చూశాడు.

“మా ఊర్లో సంగటి తినేటోళ్ళు ఎవురూ లేరు సార్. మా తాతలు తినేటోళ్ళంట, కరువు కాలంలో. ఇప్పుడు మేమంతా వరిబువ్వే.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక ఇంటి కిటికీలోంచి ఉడుకుతున్న రాగిపిండి వాసన ఊరంతా కొడుతోంది. మేడమ్ ఊరుకునే రకం కాదు. ఇళ్ళు చూస్తానని బయలుదేరింది. వెనక మేము, మా వెనక ఊరు. మేము ఒక ఇంట్లో కాలు పెట్టేసరికి లోపల ధనధన గిన్నెలు మూసిన చప్పుడు. మొదటి ఇంట్లో సంగటి కలిపే కట్టె గోడకు ఆనించి ఉంది, ఇదేమిటంటే కోతుల్ని తోలే కట్టె అన్నారు. దాని కొసన పిండి ఇంకా ఆరలేదు. రెండో ఇంట్లో పొయ్యి మీద ఏముందవ్వా అని మేడమ్ అడిగితే ఉడుకునీళ్ళన్నారు. ఆ ఉడుకునీళ్ళు బుడుక్ బుడుక్ మని బుడగలు వేస్తున్నాయి. మూడో ఇంట్లో ఒక ముసలామె బోర్లించిన గంప మీద కూర్చుని లేవనంటే లేవనంది. మోకాళ్ళ నొప్పులట. గంప కిందనుంచి ఆవిరి వస్తోంది. ఆమె పాపం వేడికి అటూ ఇటూ ఒత్తిగిలుతూ, మమ్మల్ని మాత్రం మంచూరియా తినమని బతిమాలింది.

వీడియో అతనికి ఇది నచ్చింది. ‘సంగటి లేని ఊరు’ అని పేరు పెడతానన్నాడు. పెద్దసారుకు నచ్చలేదు. ఆయన గడియారం చూసుకుని, నన్ను పక్కకు పిలిచి, రాసిన వంటకం లేదు కాబట్టి ఫారం కొట్టేసి పోదాం అన్నాడు. మీరే రాశారట గదా అని కూడా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె కోసం వెదికాను. ఆమె షామియానా దగ్గర లేదు. తన ఇంటి వెనక కూలీలకు తీసుకుపోయే గంప సర్దుతోంది. పెద్ద బేసిన్లో ముద్దలు, తడిగుడ్డ కప్పి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ ఇంత సంగటి పెట్టుకుని అక్కడ మా ప్రాణాలు తీస్తారా అని అరిచాను. ఆమె గంప మీంచి చూపు తిప్పలేదు.

“సుట్టాలకి ఎవురన్నా సంగటి పెడతారా అన్నా? పట్నం నుంచి పెద్దోళ్ళొస్తే ముద్ద పెట్టి పంపినారంట అని సుట్టుపక్కల ఊర్లోళ్ళు నవ్వరా? బస్సెక్కమంటే ఎక్కతా గానీ, ఆ మాట పడల్యాను.”

“మరి ఆ పొద్దు నాకు పెడితివి గదమ్మా?”

“నువ్వు సుట్టానివా?” ఆమెకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. “మాతో కూచోని మూడు గంటలు కాయలు ఇడిపిస్తివి. పని చేసినోనికి ముద్ద పెట్టకపోతే పాపం. ఊరికే కూచున్నోనికి పెడితే మాకు సిగ్గు.”

నా మర్యాద కూలింది. ఏడాదిగా మురిసిపోతున్న ఆ ముద్ద ఆఫీసరుగా నాకు పెట్టింది కాదు, కూలివాడిగా పెట్టింది. తరువాత నవ్వొచ్చింది. ఆ తరువాత దారి కనబడింది.

పరుగున షామియానా దగ్గరికి వచ్చి, సంగటి దొరికింది సార్, కాకపోతే కాస్త పని చెయ్యాలి అన్నాను. ఏం పని అన్నాడాయన. వేరుశనగ చెట్లు పీకాలి, కాయలు విడిపించాలి అన్నాను. ఆయన జేబులోంచి ఒక మాత్ర తీసి వేసుకున్నాడు.

“వంట రుచి చూడమని పిలిచి వ్యవసాయం చేయిస్తారేమిటండీ?”

ఫారం తీసి ఒక నిబంధన చూపించాను. ‘వంటకమును స్థానిక పద్ధతి ననుసరించి స్వీకరించవలెను.’ అరిటాకులో తినడం గురించో, కింద కూర్చోవడం గురించో పనికొస్తుందని ఆ వాక్యం నేనే ఎప్పుడో ఇరికించాను. స్థానిక పద్ధతి ఇదే సార్ అన్నాను. ఆయన రెండుసార్లు చదివాడు. కాగితం మీదున్నదాన్ని కాదనడం ఆయన సర్వీసులో ఎప్పుడూ చెయ్యలేదు. బూట్లు విప్పాడు.

ఇక చూడండి ఆ ఊరేగింపు. మెడలో దండలతో ముగ్గురు సభ్యులు చేన్లోకి, వాళ్ళ వెనక నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఊరి పెద్దాయన. పెద్దోళ్ళ చేత మా చేన్లో పని చేయిస్తే నేను ఇంక బతికుండి ఏం లాభమని ఆయన గోల. మీరు గొడుగు కింద కూర్చోండి, మీ బదులు నేను పీకుతానన్నాడు. గొడుగు కింద కూర్చుంటే సంగటి లేదన్నాను. అప్పుడాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు భయమే.

మేడమ్ కొంగు బిగించి కూలీల వరసలో కూర్చుంది. గంటలో ఆమె వేళ్ళు వాళ్ళ వేళ్ళతో సమానంగా ఆడాయి. పెద్దసారు మొదట ఒక చెట్టు పీకి, దాన్ని చేత్తో పట్టుకుని వీడియో అతని వైపు తిరిగి నిలబడ్డాడు. మొక్క నాటే సభల్లో అలవాటయిన పని అది. పీకడానికీ అదే సరిపోతుందనుకున్నాడు. కూలీల్లో పెద్దదైన ఒక అవ్వ, ఇంకో సాలు ఉండాది సార్ అని పక్క చెట్ల వరస చూపించింది. ఆయన వంగాడు. ఆ నేల సంగతి మీకు తెలియదు, వాన లేకపోతే మొక్కను వదలదు. సాలు సగమయ్యేసరికి ఆయన కోటు, టై, గడియారం ఒక్కొక్కటే గట్టు మీదికి చేరాయి.

చిక్కు వచ్చింది వీడియో అతనితో. నేనూ పనే చేస్తున్నా గదా, వీడియో తియ్యడం నా పని అన్నాడు. ఇది పనా కాదా అని కూలీలు చేతులాపి పంచాయితీ పెట్టారు. బరువు మోస్తాండాడు పాపం అని ఒకామె అంది. మోసేది వాని సామానే గదా అని ఇంకొకామె. చెమట కారతా ఉండాది గదా అని మొదటామె. ఎండకు నిలబడితే రాయికీ కారుతుందని అవ్వ తీర్పు చెప్పింది. కాయ రాలితేనే పని. అతను ఆ కెమెరా పెట్టె గట్టు మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు. అందుకే పిల్లలూ, ఆ రోజు జరిగిన అసలు సంగతికి ఒక్క ఫోటో కూడా లేదు. మీరు నా మాట నమ్మాల్సిందే.

సూర్యుడు నడినెత్తి దాటాక ఆమె గంప దించింది. ఆమె వరసగా పెట్టుకుంటూ వచ్చి పెద్దసారు ముందు ఆగింది. ఆయన ముందున్న కాయల కుప్ప చూసింది. చాలా చిన్న కుప్ప అది. ఆయన తల వంచుకున్నాడు. అంత పెద్ద ఆఫీసరు ఒక ముద్ద కోసం అలా భయపడతాడని నేననుకోలేదు. బెంగుళూరు బస్సెక్కాల్సింది ఆమె కాదు, ఆయనే అన్నట్టుంది. ఆమె ఆ కుప్పను ఒకసారి చేత్తో సర్ది, ముద్ద ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని నమిలాడు. కూలీలు విరగబడి నవ్వారు. సంగటి నమలకూడదు, తుంచి, ఊరుబిండి అద్ది, మింగాలి. అవ్వ పక్కన కూర్చుని చిన్నపిల్లవాడికి నేర్పినట్టు నేర్పింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికే అనుకున్నాను. రెండో ముద్ద అడిగాడు, మాత్ర అడగలేదు. మేడమ్ నోటుబుక్కు కోసం చెయ్యి చాచి, చేతికున్న పచ్చడి చూసుకుని, మళ్ళీ ముద్ద తుంచుకుంది.

ముగ్గురూ గట్టు మీద కూర్చుని సంతకాలు చేశారు. ‘వంటకం స్వీకరించిన స్థలం’ అన్నచోట పెద్దసారు స్వయంగా ‘చేను, కూలికి’ అని రాశాడు. షామియానా కింది మంచూరియా ఎవరూ ముట్టలేదు. సాయంత్రం ఊరే ఆ బల్లల దగ్గర కూర్చుని తిన్నదట, పెద్దాయన ఒకరి చేత ఒకరి మెడలో దండలు వేయించాడట.

ఆమె బస్సెక్కలేదు. భోజనశాల ఆమెకే వచ్చింది. ఇక్కడితో ఆపితే నేను గొప్పవాడిగా మిగిలిపోతాను గానీ, తరువాత రెండేళ్ళు నా బల్ల మీద ఫిర్యాదులే ఫిర్యాదులు. బోర్డు మీద సంగటి అని ఉందట. అడిగితే, ఈ పొద్దు ఏం పని చేసినావని అడుగుతోందట. లారీ డ్రైవర్లకు పెడుతుంది, బస్సు కండక్టర్లకు పెడుతుంది, రోడ్డు వేసే కూలీలకు పిలిచి పెడుతుంది. కార్లో దిగినవాళ్ళకు మాత్రం ఆకు వేసి, అన్నం, నెయ్యి, అప్పడం. బెంగుళూరు నుంచి వచ్చిన కంప్యూటరు పిల్లలు, మేమూ పని చేస్తామమ్మా అన్నారట. ఈ పొద్దు చేసినారా అందట. ఈ రోజు సెలవన్నారట. అయితే బువ్వ తినండి నాయనా అందట. ప్రతి ఫిర్యాదుకూ నేనే జవాబు రాసేవాణ్ణి, ‘స్థానిక పద్ధతి ననుసరించి’ అని. తనిఖీకని నెలకోసారి పోయేవాణ్ణి. రిజిస్టరు చూసి, సరుకుల గది చూసి, చెయ్యి కడుక్కుని కూర్చుంటే నాకు ముద్ద వచ్చేది.

రిటైరయిన రోజు ఆఫీసులో శాలువా కప్పారు, ఉపన్యాసాలు చెప్పారు. నాకేం అనిపించలేదు. వారం తరువాత ఊరికే ఒకసారి చూసి వద్దామని భోజనశాలకు పోయాను. ఆమె ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. అరిటాకు వేసింది. తెల్లటి అన్నం, పప్పు, రెండు కూరలు, నెయ్యి, అప్పడం, పాయసం. ఎంతో ప్రేమగా కొసరి కొసరి వడ్డించింది. మొదటిసారి సుట్టంగా వచ్చినావన్నా అని సంబరపడింది.

నా ఉద్యోగం పోయిందని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆకు వదిలేసి లేవడం తప్పు కాబట్టి మెతుకు మిగలకుండా తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, వంటింటి వెనక వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు శనక్కాయలు ఒలుస్తుంటే పోయి వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఒక దోసెడు ఒలిచాను. ఆమె గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

“ఇట్ల కుదర్దన్నా,” అంది. “తిన్నాక కూచోని నాలుగు కాయలు ఒలిస్తే పని కాదు. రేపు పొద్దున ఎనిమిదికి రా.”

ఏడున్నరకే పోయాను.